పదిమంది కలిసి దిద్దే మ్యాప్ డేటాకు ఏ ఫార్మాట్? గిట్‌లో తేడాలు కనిపించాలి, మెర్జ్ కావాలి

దారిచూపు

అందరికీ నమస్కారం. పన్నెండు మంది కలిసి దిద్దాల్సిన డేటా ఇది. మూడు లేయర్లు: వీధి కుళాయిలు (బిందువులు, సుమారు 40 వేలు), మురుగు కాలువలు (గీతలు, 6 వేలు), వార్డు సరిహద్దులు (పాలిగాన్లు, 300). ప్రస్తుతం షేప్‌ఫైళ్లను జిప్ చేసి ఉమ్మడి ఫోల్డర్‌లో పెడుతున్నారు. చివర ఎవరు సేవ్ చేస్తే వాళ్లదే నిలుస్తోంది, అంతకుముందు దిద్దినవాళ్ల పని ఎటు పోయిందో తెలియడం లేదు.

గిట్‌కు (ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో చరిత్రగా దాచే సాధనం) మారాలన్నది ఖాయం. ఫార్మాట్ దగ్గరే ఆగింది. దిద్దుబాటు అంతా క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. నెట్ లేని చోట కూడా పని సాగాలి. ఎవరు ఏ కుళాయిని జరిపారో, ఏ పేరు మార్చారో కమిట్ (గిట్‌లో ఒకసారి దాచిన మార్పుల కట్ట) చూస్తే తెలియాలి. సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి లేరు. జియోప్యాకేజ్, జియోజేసన్, సీఎస్‌వీ, పోస్ట్‌జీఐఎస్ (సర్వర్ మీద నడిచే డేటాబేస్) అని నాలుగు పేర్లు వినిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి, ఎందుకు?

రేఖాంశం

ముందుగా షేప్‌ఫైల్‌ను వదిలేయండి. అది ఒక ఫైల్ కాదు, కనీసం మూడు (.ఎస్‌హెచ్‌పీ, .ఎస్‌హెచ్‌ఎక్స్, .డీబీఎఫ్). పైన ప్రొజెక్షన్ చెప్పే .పీఆర్‌జే, అక్షరాల ఎన్‌కోడింగ్ చెప్పే .సీపీజీ. కమిట్‌లో ఒకటి మరిచిపోతే మిగతావి పనికిరావు, లేదా తప్పుగా తెరుచుకుంటాయి. కాలమ్ పేరుకు 10 బైట్లు, టెక్స్ట్ విలువకు 254 బైట్లు హద్దు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి కాలమ్ పేరు మూడు సంకేతాల దగ్గర, విలువ 84 సంకేతాల దగ్గర తెగిపోతుంది. ఒత్తులు, గుణింతాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

జియోప్యాకేజ్ మంచి ఫార్మాట్. 2014లో ఓజీసీ (మ్యాప్ డేటా ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ) ప్రమాణమైంది, లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. పని చేయడానికి దాన్ని మించింది లేదు. కానీ గిట్‌లో నేరుగా కమిట్ చేయడానికి అది తగదు. గిట్ తేడాను వరుసల్లో చూపిస్తుంది, ఎస్‌క్యూలైట్ డేటాను పేజీల్లో దాస్తుంది. ఒక్క కుళాయి జరిపినా గిట్‌కు తెలిసేది "బైనరీ ఫైల్ మారింది" అన్నంతే. ఇద్దరు రెండు కొమ్మల్లో (బ్రాంచ్‌లు, అంటే విడివిడిగా సాగే పని) దిద్దితే మెర్జ్, అంటే రెండూ కలపడం, అన్నది ఉండదు, ఒకరిది ఉంచి ఒకరిది పారేయాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. జియోప్యాకేజ్‌లోని విషయసూచిక పట్టికలో చివరి మార్పు సమయం ఉంటుంది. క్యూజీఐఎస్ ఆ ఫైల్‌ను డబ్ల్యూఏఎల్ పద్ధతిలో (మార్పులు ముందు పక్క ఫైల్‌లో రాయడం) తెరుస్తుంది, పక్కనే "-వాల్", "-ఎస్‌హెచ్‌ఎమ్" ఫైళ్లు పుడతాయి. కొన్ని వెర్షన్లలో ఊరికే తెరిచి మూసినా బైట్లు మారి, గిట్ మార్పు జరిగిందంటుంది. దీనికంటే ప్రమాదకరమైనది: క్యూజీఐఎస్ తెరిచి ఉండగా అసలు ఫైల్ ఒక్కటే కమిట్ చేస్తే, వాల్ ఫైల్‌లో ఆగి ఉన్న దిద్దుబాట్లు అందులో ఉండవు.

బిందుమాల

బైనరీకైనా తేడా చూపించే మార్గం ఉందండీ. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో జియోప్యాకేజ్‌కు ఒక డిఫ్ పేరు ఇచ్చి, గిట్ కాన్ఫిగ్‌లో ఆ పేరుకు టెక్స్ట్‌కన్వ్‌గా ఓజీఆర్‌ఇన్ఫో కమాండ్ పెడితే, ప్రతి ఫీచర్‌నూ (ఒక్కో కుళాయి, ఒక్కో కాలువ వంటిది) టెక్స్ట్‌గా మార్చి తేడా చూపిస్తుంది.

రేఖాంశం

చూడటం వరకే, బిందుమాల గారు. టెక్స్ట్‌కన్వ్ మెర్జ్‌కు పనికిరాదు. పైగా గిట్ కాన్ఫిగ్ రిపాజిటరీతో పాటు రాదు, పన్నెండు మందీ ఎవరి యంత్రంలో వాళ్లు పెట్టుకోవాలి. వెబ్‌లో సమీక్ష చేసేవాళ్లకు అదీ కనిపించదు.

మూలరేఖ

దారిచూపు గారి ప్రశ్నలో రెండు వేర్వేరు అవసరాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తేనే జవాబు దొరుకుతుంది. దిద్దడానికి ఒక ఫార్మాట్, చరిత్ర దాచడానికి ఒక ఫార్మాట్. రెండూ ఒకటే కానక్కర్లేదు. దిద్దడం జియోప్యాకేజ్‌లో చేయండి, దాన్ని గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పెట్టండి. గిట్‌లో ఉండాల్సింది వరుసకు ఒక ఫీచర్ చొప్పున రాసిన జియోజేసన్. మ్యాప్ ఫార్మాట్లను చదివి మార్చే జీడాల్ లైబ్రరీలో దీనికి జియోజేసన్‌సీక్ అనే డ్రైవర్ ఉంది.

మామూలు జియోజేసన్ ఎందుకు వద్దంటే, అందులో ఫీచర్లన్నీ ఒకే చదరపు బ్రాకెట్ల మధ్య కామాలతో ఉంటాయి. చివరి ఫీచర్ తర్వాత కామా ఉండకూడదు. చివర ఒకటి చేర్చారంటే దాని ముందు వరుసకు కామా పెట్టాలి, అంటే సంబంధం లేని వరుస కూడా మారినట్టు కనిపిస్తుంది. ఇద్దరు చేరిస్తే ఆ కామా దగ్గరే కాన్‌ఫ్లిక్ట్, అంటే గిట్ తనంతట తాను కలపలేని ఢీ. చేత్తో పరిష్కరించేటప్పుడు ఒక కామా ఎక్కువైనా తక్కువైనా ఫైల్ మొత్తం తెరుచుకోదు. వరుసకో ఫీచర్ పద్ధతిలో బయటి బ్రాకెట్లు లేవు, చివరి కామా గొడవ లేదు. ఒక వరుస చెడితే ఏ వరుసో వెంటనే తెలుస్తుంది.

ఎక్స్‌టెన్షన్ విషయంలో జాగ్రత్త. ఫైల్ పేరు .జియోజేసన్‌ఎస్ అని ముగిస్తే జీడాల్ ప్రతి రికార్డు ముందూ కంటికి కనిపించని రికార్డ్ సెపరేటర్ గుర్తు పెడుతుంది (2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8142 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పే పద్ధతి అదే). సార్ట్, గ్రెప్ వంటి సాధనాలతో పని చేసేవాళ్లకు ఆ గుర్తు అడ్డం. .జియోజేసన్‌ఎల్ అని ముగించండి, వరుస మార్పు తప్ప వేరే గుర్తు ఉండదు.

అయితే ఫార్మాట్ మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఒకే డేటాను ఎవరు, ఎప్పుడు, ఏ యంత్రంలో ఎగుమతి చేసినా బైటుకు బైటు ఒకే ఫైల్ రావాలి. అది కుదరకపోతే ఒక కుళాయి జరిపిన కమిట్‌లో 40 వేల వరుసలు మారినట్టు కనిపిస్తాయి, ఇక తేడా చూసి ప్రయోజనం లేదు. అందుకు నాలుగు విషయాలు బిగించాలి: ఫీచర్ల క్రమం, కాలమ్‌ల క్రమం, దశాంశ స్థానాలు, శాశ్వతమైన ఐడీ. మొదటి మూడూ ఒక్క ఓజీఆర్‌టూఓజీఆర్ కమాండ్‌తో అవుతాయి. ఎస్‌క్యూఎల్ ఆప్షన్‌లో కాలమ్‌ల పేర్లు వరుసగా రాసి, చివర ఐడీ ప్రకారం ఆర్డర్ బై ఇవ్వాలి. కోఆర్డినేట్ ప్రెసిషన్ ఆప్షన్ 7. ఐడీ ఫీల్డ్ ఆప్షన్‌లో మీ ఐడీ కాలమ్ పేరు.

చివరిది మరిస్తే జియోప్యాకేజ్ లోపలి ఫిడ్ సంఖ్యే ఐడీగా బయటికి వెళ్లొచ్చు. డేటాను మళ్లీ లోపలికి తెచ్చుకున్నప్పుడు ఫిడ్‌లు కొత్తగా పడతాయి, తర్వాతి ఎగుమతిలో ప్రతి వరుసా మారుతుంది.

దారిచూపు

స్పష్టంగా ఉంది, మూలరేఖ గారు. ఐడీ మీద ఒక అనుమానం. ఇప్పుడు వరుస సంఖ్యలున్నాయి. నెట్ లేని చోట ఇద్దరు కొత్త కుళాయిలు చేరిస్తే ఇద్దరికీ 40,001 వస్తుంది కదా?

రేఖాంశం

వస్తుంది, అందుకే వరుస సంఖ్య వదిలేయాలి. యూయూఐడీ తీసుకోండి. ఎవరినీ అడగకుండా ఎవరి యంత్రంలో వాళ్లు పుట్టించుకున్నా కలవదు.

యూయూఐడీలో నాలుగో రకం, అంటే పూర్తిగా యాదృచ్ఛికమైనది కావాలి. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562లో ఏడో రకం ఉంది, సమయాన్ని బట్టి పెరుగుతుంది. డేటాబేస్‌లకు అది మంచిది, ఇక్కడ చెరుపు. ఐడీ క్రమంలో పేర్చిన ఫైల్‌లో కాలానుగుణ ఐడీలన్నీ అడుగున ఒకేచోట చేరతాయి. ఇద్దరు చేర్చిన వరుసలు ఒకే చోట పడితే గిట్ కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. యాదృచ్ఛిక ఐడీలైతే కొత్త వరుసలు ఫైల్ అంతటా చెల్లాచెదురుగా పడతాయి. గిట్ పక్కపక్క వరుసల్లోని మార్పులను కూడా కాన్‌ఫ్లిక్ట్‌గానే చూస్తుందన్నది చాలామంది గమనించరు. మధ్యలో మారని వరుస ఒకటైనా ఉండాలి. 40 వేల వరుసల్లో యాదృచ్ఛికంగా పడ్డ మార్పులు పక్కపక్కన రావడం అరుదు.

ఇదే కారణంతో, దగ్గర దగ్గర కుళాయిలు ఫైల్‌లోనూ దగ్గరగా ఉండేలా జియోహ్యాష్ (స్థానాన్ని చిన్న కోడ్‌గా రాసే పద్ధతి) క్రమంలో పేర్చాలన్న ఆలోచన వస్తే వద్దనండి. ఒకే వీధిలో ఇద్దరు పని చేస్తే వరుసలు పక్కపక్కనే పడతాయి, కుళాయి జరిగితే దాని వరుసే వేరే చోటికి పోతుంది.

బిందుమాల

క్యూజీఐఎస్‌లో దీన్ని అమర్చే తీరు: లేయర్ ప్రాపర్టీస్, ఆట్రిబ్యూట్స్ ఫామ్, ఐడీ కాలమ్, డిఫాల్ట్ విలువ దగ్గర యూయూఐడీ ఫంక్షన్. ఊరికే పిలిస్తే మీసాల బ్రాకెట్లతో వస్తుంది, "వితవుట్ బ్రేసెస్" అని ఇవ్వండి. అదే ఫామ్‌లో నాట్ నల్, యునీక్ రెండూ ఎన్‌ఫోర్స్ చేయండి.

ఎక్కువగా దెబ్బ తగిలేది స్ప్లిట్ దగ్గర. కాలువను రెండుగా కోస్తే రెండు ముక్కలకూ పాత ఐడీ రావచ్చు. కొత్త వెర్షన్లలో ప్రతి కాలమ్‌కూ స్ప్లిట్ పాలసీ ఉంది, ఐడీకి అది "డిఫాల్ట్ విలువ" అని ఉండాలి. కాపీ-పేస్ట్ చేసినప్పుడు కూడా ఐడీ వెంట వస్తుంది, యునీక్ నిబంధన దాన్ని పట్టుకుంటుంది. ఈ ఫామ్ అమరికలను .క్యూఎమ్‌ఎల్ ఫైల్‌గా సేవ్ చేసి రిపాజిటరీలో పెట్టండి. అది ఎక్స్‌ఎమ్‌ఎల్, తేడా చదవొచ్చు. ప్రాజెక్ట్ ఫైల్ కూడా .క్యూజీఎస్‌గా సేవ్ చేయండి, .క్యూజీజెడ్ అంటే జిప్.

అక్షరపటం

పేర్ల కాలమ్‌లో ఆంగ్లేతర లిపి ఉంటే మూడు చోట్ల చూసుకోవాలి. పైథాన్ జేసన్ మాడ్యూల్‌తో ఫైల్ తిరగరాసే స్క్రిప్ట్ ఉంటే, ఎన్‌ష్యూర్ ఆస్కీ అన్నది ఫాల్స్‌గా ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రతి అక్షరం బ్యాక్‌స్లాష్-యూ సంకేతంగా మారి, పేరు మార్పును ఎవరూ చదవలేరు. రెండోది, ఎగుమతికి ముందు టెక్స్ట్‌ను ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్‌లో అక్షరాలను ఒకే తీరుగా రాసే) రూపానికి తేవాలి. కంటికి ఒకేలా కనిపించే పదం కీబోర్డును బట్టి వేర్వేరు సంకేతాలతో రావచ్చు. అక్కడ అవసరం లేని జీరో విడ్త్ నాన్-జాయినర్లు (కంటికి కనిపించని గుర్తులు) చివర్లో అతుక్కుని ఉంటాయి, వాటినీ తీసేయండి. మూడోది, ఫైల్ పేర్లు తెలుగులో ఉంటే గిట్ వాటిని అంకెల సంకేతాలుగా చూపిస్తుంది. కోర్ కోట్‌పాత్ ఫాల్స్ చేస్తే మామూలుగా కనిపిస్తాయి.

సీఎస్‌వీలో డబ్ల్యూకేటీ (ఆకారాన్ని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) జ్యామితి కూడా వరుసకో ఫీచరే కదా అనొచ్చు. బిందువులకు అది నిజంగానే బాగుంటుంది. కానీ సీఎస్‌వీ అనగానే ఎవరో ఒకరు ఎక్సెల్‌లో తెరుస్తారు. ఒక గడిలో 32,767 అక్షరాలే పడతాయి, పెద్ద పాలిగాన్ పూర్తిగా పట్టదు. 007 అన్న కోడ్ 7 అవుతుంది. సేవ్ నొక్కితే అదే రిపాజిటరీలోకి వస్తుంది.

ఇంకొకటి: ఖాళీ స్ట్రింగ్, నల్ రెండూ ఒకటి కావు. క్యూజీఐఎస్ ఫామ్‌లో గడిలోకి వెళ్లి బయటికొస్తే నల్ కాస్తా ఖాళీ స్ట్రింగ్ అయ్యే సందర్భాలున్నాయి. ఎగుమతిలో ఖాళీలన్నిటినీ నల్ చేసే ఎస్‌క్యూఎల్ నల్‌ఇఫ్ పెట్టండి.

కొలబద్ద

దశాంశ స్థానాల సంగతి కొంచెం లోతుగా చూడాలి.

అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. ఆరో దశాంశం 11 సెంటీమీటర్లు, ఏడోది 1.1 సెంటీమీటర్. ఫోన్ జీపీఎస్‌తో తెచ్చిన కుళాయిలకు ఆరు చాలు, ఇమేజరీ మీద గీసిన కాలువలకు ఏడు. అంతకు మించి పెట్టిన అంకెలు కొలత కాదు, కంప్యూటర్ లెక్కలో మిగిలిన పొట్టు. ఆ పొట్టే డిఫ్‌ను చెడగొడుతుంది. యూటీఎమ్‌లో (మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్) దిద్ది డబ్ల్యూజీఎస్ 84కు (జీపీఎస్ వాడే అక్షాంశ రేఖాంశాలు) మార్చి, మళ్లీ వెనక్కి తెస్తే పదమూడో అంకె దగ్గర తేడా వస్తుంది, ఎవరూ ముట్టని ఫీచర్లు మారినట్టు కనిపిస్తాయి. అందుకని పని చేసే జియోప్యాకేజ్ కూడా మొదటి నుంచీ ఈపీఎస్‌జీ 4326లోనే (డబ్ల్యూజీఎస్ 84కు రిజిస్ట్రీ సంఖ్య) ఉండాలి. దూరాలు కొలవడానికి ప్రాజెక్ట్ స్థాయిలో వేరే ప్రొజెక్షన్ పెట్టుకోవచ్చు, డేటాను మాత్రం మార్చొద్దు.

జియోజేసన్‌కు ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 7946 (2016) డబ్ల్యూజీఎస్ 84 ఒక్కటే ఒప్పుకుంటుంది. 2008 నాటి మొదటి రూపంలో ఉన్న సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్ పద్ధతి ఏదో చెప్పే) భాగాన్ని తీసేశారు. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. ఇక్కడ హద్దు ఒకటుంది. ఈపీఎస్‌జీ 4326 అన్నది ఒక్క డేటమ్ (కొలతలకు ఆధారమైన చట్రం) కాదు, పలు రూపాల సమూహం, దాని కచ్చితత్వం 2 మీటర్లని ఈపీఎస్‌జీ రిజిస్ట్రీయే చెబుతుంది. టోటల్ స్టేషన్‌తోనో ఆర్‌టీకేతోనో సెంటీమీటర్ కొలతలు తెచ్చిన డేటాకు జియోజేసన్ సరైన చోటు కాదు. కుళాయిలకు, కాలువలకు ఇబ్బంది లేదు.

పాలిగాన్ల దగ్గర రౌండింగ్ ఊరికే పోదు. సన్నని మెడ ఉన్న చోట రెండు బిందువులు ఒకటై పాలిగాన్ తనను తానే కోసుకోవచ్చు. అంకెలు కత్తిరించడం కాకుండా, పోస్ట్‌జీఐఎస్‌లోని ఎస్‌టీ రెడ్యూస్‌ప్రెసిషన్ వంటిది వాడితే చెల్లుబాటయ్యే జ్యామితి వస్తుంది. రింగ్ ఎక్కడ మొదలవుతుందన్నది కూడా స్థిరంగా ఉండాలి, దిద్దినప్పుడు మొదటి బిందువు మారి వరుస మొత్తం తిరగబడినట్టు కనిపించొచ్చు. షేప్‌లీ అనే పైథాన్ లైబ్రరీలో నార్మలైజ్ చేస్తే మొదలు స్థిరపడుతుంది. అది బయటి రింగ్‌ను సవ్యదిశలో పెడుతుంది, ఆర్‌ఎఫ్‌సీ 7946 అపసవ్యదిశ అడుగుతుంది. కాబట్టి ముందు నార్మలైజ్, తర్వాత దిశ తిప్పడం. ఈ క్రమం ఎప్పుడూ ఒకటే ఉండాలి.

దారిచూపు

వార్డు పాలిగాన్ ఒక్కోదానికి వెయ్యి, రెండు వేల బిందువులున్నాయి. వరుసకో ఫీచర్ అంటే ఒక్క వరుసే ముప్పై, నలభై వేల అక్షరాలు. తేడా ఎలా చదవాలి?

కొలబద్ద

చదవలేరు. వార్డులకు వేరే దారి పట్టాలి. నా సలహా: వార్డులను పాలిగాన్లుగా దాచనే వద్దు. రెండు వార్డుల మధ్య గట్టు ఒకటే, పాలిగాన్లలో అది రెండుసార్లు రాసి ఉంటుంది. ఒకరు ఈ వైపు దిద్దుతారు, ఇంకొకరు ఆ వైపు. గిట్ దృష్టిలో అవి వేర్వేరు వరుసలు, మెర్జ్ సాఫీగా అయిపోతుంది, నేల మీద మాత్రం సందో అతివ్యాప్తో మిగులుతుంది. టెక్స్ట్‌లో కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే జ్యామితి బాగున్నట్టు కాదు.

దాని బదులు రెండు ఫైళ్లు పెట్టండి. ఒకటి సరిహద్దు గీతలు, మూడు వార్డులు కలిసే చోట నుంచి తర్వాతి అలాంటి చోటు వరకు ఒక గీత, దానికో ఐడీ. రెండోది వార్డు లోపల ఒక బిందువు, పేరు, కోడ్ దాని మీదే. పాలిగాన్లు కావాల్సినప్పుడు గీతల నుంచి పాలిగనైజ్ చేసి (గీతలు మూసుకున్న చోట్లను పాలిగాన్లుగా మార్చి), బిందువుతో స్పేషియల్ జాయిన్ చేస్తే వస్తాయి. గట్టు ఒక్కసారే రాసి ఉంటుంది కాబట్టి సందు పుట్టడానికి చోటే లేదు. గీతలు చిన్నవి కాబట్టి తేడా కూడా చిన్నది. దిద్దేటప్పుడు స్నాపింగ్, టోపోలాజికల్ ఎడిటింగ్ రెండూ ఆన్ చేసి ఉండాలి. గీత కొస ఒక దశాంశం తప్పినా ఆ వార్డు మూసుకోదు, అది పాలిగాన్ల లెక్కలో వెంటనే బయటపడుతుంది: 300 రావాల్సిన చోట 299.

మూలరేఖ

పంచుకున్న గీతల కోసం టోపోజేసన్ తీసుకుందామని అనిపిస్తుంది ఎవరికైనా. ప్రచురణకు బాగుంటుంది. చరిత్రకు కాదు. అందులో పాలిగాన్లు ఆర్క్‌లను (పంచుకున్న గీత ముక్కలు) వాటి వరుస సంఖ్యతో పిలుస్తాయి, మధ్యలో ఒక ఆర్క్ చేరితే తర్వాతి సంఖ్యలన్నీ జరుగుతాయి.

కొమ్మరెమ్మ

ఇంత పని చేత్తో ఎందుకు? కార్ట్ చూశారా? కోఆర్డినేట్స్ అనే సంస్థ తయారుచేసింది, మొదట్లో స్నో అనేవారు. ఓపెన్ సోర్స్. గిట్ మీదే కట్టారు. పట్టికలోని ప్రతి వరుసనూ ఒక్కో బ్లాబ్‌గా (గిట్ దాచే ఒక్కో డేటా ముక్క) దాస్తుంది, అందువల్ల కాన్‌ఫ్లిక్ట్ ఫీచర్ స్థాయిలోనే వస్తుంది, పక్క వరుస అన్న సమస్యే లేదు. సీఆర్‌ఎస్, కాలమ్ రకాలు, నల్ అన్నీ ఉన్నవున్నట్టు నిలుస్తాయి. పని చేసే కాపీ జియోప్యాకేజ్‌గానో పోస్ట్‌జీఐఎస్ పట్టికగానో ఉంటుంది, క్యూజీఐఎస్‌లో నేరుగా దిద్ది సేవ్ చేస్తే కార్ట్ స్టేటస్ ఎన్ని ఫీచర్లు మారాయో చెబుతుంది. కార్ట్ డిఫ్ టెక్స్ట్‌గా, జియోజేసన్‌గా, మ్యాప్ ఉన్న హెచ్‌టీఎమ్‌ఎల్‌గా కూడా ఇస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ వస్తే కార్ట్ కాన్‌ఫ్లిక్ట్స్‌తో చూసి, కార్ట్ రిజాల్వ్‌తో మనది, వాళ్లది, పూర్వపుది అని ఎంచుకోవచ్చు. క్లోన్ చేసేటప్పుడు స్పేషియల్ ఫిల్టర్ ఇస్తే మీ ప్రాంతం వరకే దిగుతుంది.

లక్షల ఫీచర్లు దాటిన డేటాకు ఇదే దారి. వరుసకో ఫీచర్ ఫైల్ అక్కడ నిలబడదు, ఎందుకంటే ఒక్క ఫీచర్ మారినా గిట్ ఫైల్ మొత్తానికి కొత్త బ్లాబ్ రాస్తుంది. ప్యాక్ చేసినప్పుడు డెల్టాలతో తగ్గుతుంది, కానీ ప్రతి ఆపరేషన్‌లో ఫైల్ అంతా చదవాల్సిందే.

మూలరేఖ

కార్ట్ గొప్ప పనిముట్టు, అందులో వాదన లేదు. దాన్ని ఎంచుకునే ముందు మూడు సంగతులు తూచాలి. ఒకటి, రిపాజిటరీని గిట్‌హబ్‌లో పెట్టొచ్చు గానీ వెబ్‌లో తేడా కనిపించదు, వరుసలు మెసేజ్‌ప్యాక్ బైనరీలో ఉంటాయి. పుల్ రిక్వెస్ట్ (మార్పులు కలపమని అడిగే వినతి) చూసే ప్రతి ఒక్కరి దగ్గరా కార్ట్ ఉండాలి. రెండు, ప్రైమరీ కీ పూర్ణాంకమైతే దారిచూపు గారు అడిగిన 40,001 సమస్య ఇక్కడా ఉంది: రెండు కొమ్మల్లో ఒకే కీతో కొత్త వరుస వస్తే కాన్‌ఫ్లిక్టే. మూడు, పదేళ్ల తర్వాత ఈ డేటా తెరవాలంటే కార్ట్ కావాలి. వరుసకో ఫీచర్ టెక్స్ట్‌కు నోట్‌ప్యాడ్ చాలు. ముందు జియోగిగ్ అనే ఇలాంటి పరికరమే వచ్చింది, దాని అభివృద్ధి ఆగిపోయింది.

40 వేల బిందువులు వరుసకు 300 బైట్ల లెక్కన 12 ఎంబీ. ఈ పరిమాణానికి టెక్స్టే సరిపోతుందని నా గట్టి అభిప్రాయం.

కొమ్మరెమ్మ

పరిమాణం లెక్క ఒప్పుకుంటాను. కానీ కార్ట్ వాడినా డేటా జైలులో పడదు, పని చేసే కాపీ ఎప్పుడూ మామూలు జియోప్యాకేజే కదా. పోయేది చరిత్ర మాత్రమే. చరిత్ర కూడా ముఖ్యమే అంటారా, అప్పుడు మీ మాటే నిలుస్తుంది.

పొలిమేర

ఫీల్డ్‌లో ఫోన్ మీద సేకరించేవాళ్లు ఎక్కువైతే గిట్ వాళ్లకు భారం. మెర్జిన్ మ్యాప్స్ (ఫోన్‌లో మ్యాప్ డేటా సేకరించే యాప్) లాంటిది ఆ భాగానికి పెట్టుకోవచ్చు. దాని వెనక ఉన్న జియోడిఫ్ లైబ్రరీ ఎస్‌క్యూలైట్ సెషన్ ఎక్స్‌టెన్షన్ ఆధారంగా రెండు జియోప్యాకేజ్‌ల తేడా తీసి, ఒకరి మార్పుల మీద మరొకరివి తిరిగి పేరుస్తుంది. అలా పేర్చేటప్పుడు కొత్త వరుసల ఫిడ్ సంఖ్యలు మారతాయి. కుళాయికి ఫొటోల పట్టికను ఫిడ్‌తో కలిపి ఉంటే ఫొటోలు వేరే కుళాయికి అతుక్కుంటాయి. సంబంధాలన్నీ యూయూఐడీతోనే కలపాలి.

పోస్ట్‌జీఐఎస్ అందరూ ఎప్పుడూ నెట్‌లో ఉంటే, చూసుకునే మనిషి ఉంటే. ఇక్కడ రెండూ లేవు.

దారిచూపు

అందరికీ ధన్యవాదాలు. వరుసకో ఫీచర్ జియోజేసన్ తీసుకుంటాం, వార్డులను గీతలు, బిందువులుగా విడదీస్తాం. రోజువారీ పని ఏ క్రమంలో ఉండాలో, కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఏం చేయాలో ఎవరైనా రాస్తారా?

రేఖాంశం

రిపాజిటరీలో డేటా ఫోల్డర్ ఒకటి, అందులో నాలుగు .జియోజేసన్‌ఎల్ ఫైళ్లు. శైలుల ఫోల్డర్‌లో .క్యూఎమ్‌ఎల్‌లు. స్క్రిప్ట్‌ల ఫోల్డర్‌లో రెండే స్క్రిప్ట్‌లు, "లోపలికి", "బయటికి". గిట్ ఇగ్నోర్‌లో జియోప్యాకేజ్, దాని వాల్, ఎస్‌హెచ్‌ఎమ్ తోకలు. గిట్ ఆట్రిబ్యూట్స్‌లో ఈ ఎక్స్‌టెన్షన్‌కు టెక్స్ట్, ఈఓఎల్ ఎల్‌ఎఫ్ అని రాయండి, లేకపోతే విండోస్ యంత్రం నుంచి వచ్చిన మొదటి కమిట్‌లోనే ప్రతి వరుసా మారుతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు గిట్ పుల్, తర్వాత "లోపలికి" స్క్రిప్ట్: పాత జియోప్యాకేజ్ తీసేసి టెక్స్ట్ నుంచి కొత్తది కడుతుంది. బయటికి పంపని దిద్దుబాట్లు పాత దాంట్లో ఉంటే ఆగిపోయేలా స్క్రిప్ట్ రాయాలి, ఇది తప్పనిసరి. ఐడీ కాలమ్‌కు యునీక్ సూచిక కూడా ఇక్కడే పడాలి. ఆ కాలమ్ పేరు "ఐడీ" అనే ఉంచండి, జియోజేసన్ ఫీచర్ ఐడీ తిరిగి వచ్చేటప్పుడు ఆ పేరుతోనే కాలమ్ అవుతుంది. కట్టడం అయ్యాక ఏమీ దిద్దకుండా వెంటనే "బయటికి" నడిపి గిట్ డిఫ్ చూడండి. ఒక్క వరుస కూడా మారకూడదు. ఏదైనా మారిందంటే స్క్రిప్ట్‌లో లోపముంది, అది సరిచేసేదాకా ఎవరినీ దిద్దనివ్వొద్దు.

దిద్దాక క్యూజీఐఎస్‌లో సేవ్, ప్రాజెక్ట్ మూసేయడం, "బయటికి", గిట్ డిఫ్. ఇక్కడ కళ్లతో చూడటం ఉంది: ఎనిమిది కుళాయిలు ముట్టుకుంటే ఎనిమిది వరుసలే కనిపించాలి. అందరూ జీడాల్ ఒకే వెర్షన్‌లో ఉండాలి, వెర్షన్ మారితే అంకెలు రాసే తీరు మారొచ్చు. క్యూజీఐఎస్ నుంచి జియోజేసన్‌ఎల్‌ను చూడటానికి తెరవండి, దాని మీద దిద్దకండి.

"చివరగా మార్చిన తేదీ", "మార్చినవారు" అన్న కాలమ్‌లు డేటాలో ఉంటే తీసేయండి. గిట్‌కు అవి ముందే తెలుసు. ఇద్దరు ఒకే ఫీచర్ ముట్టుకున్న ప్రతిసారీ ఆ కాలమ్ వల్ల లేని కాన్‌ఫ్లిక్ట్ పుడుతుంది.

మూలరేఖ

కాన్‌ఫ్లిక్ట్ దగ్గర. వరుస పొడుగ్గా ఉంటుంది కాబట్టి గిట్ డిఫ్‌ను వర్డ్ డిఫ్ ఆప్షన్‌తో, కామా దగ్గర తెగేలా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇచ్చి చూడండి. ఏ విలువ మారిందో రంగులో తేలుతుంది. ఒకరు పేరు, ఇంకొకరు స్థానం మార్చి ఉంటే రెండూ కలిపి ఒక వరుసగా రాయాలి. ఒకరు తొలగించి మరొకరు దిద్దితే దిద్దినదాన్ని ఉంచి, తొలగించినవారిని అడగండి. ఉంచినదాన్ని తర్వాత తీసేయొచ్చు.

గిట్‌లో యూనియన్ అనే మెర్జ్ పద్ధతి ఉంది, రెండు వైపుల వరుసలనూ ఉంచేస్తుంది. కాన్‌ఫ్లిక్ట్‌లు మాయమవుతాయని ఎక్కడైనా చదివి పెట్టుకోకండి. ఒకే కుళాయి రెండు రూపాల్లో, ఒకే ఐడీతో మిగులుతుంది, ఎవరికీ హెచ్చరిక రాదు.

అందుకే మెర్జ్ అయ్యాక యంత్రమే చేసే తనిఖీ కావాలి. పుల్ రిక్వెస్ట్ మీద నడిచేలా పెట్టండి: ప్రతి వరుసా జేసన్‌గా చదవబడుతోందా, ఐడీలు రెండుసార్లు వచ్చాయా, ఐడీ క్రమం తప్పిందా, జ్యామితి చెల్లుతోందా, కోఆర్డినేట్లు మీ పట్టణం హద్దు దాటాయా. చివరిది అక్షాంశ రేఖాంశాలు తారుమారైన వరుసలను పట్టేస్తుంది. వార్డులకు పాలిగనైజ్ చేసి లెక్క, ప్రతి పాలిగాన్‌లో ఒకే బిందువు.

బిందుమాల

కాలమ్ పేరు మార్చాల్సి వస్తే?

మూలరేఖ

అది ఒక్కటే ఒక కమిట్‌గా వెళ్లాలి, ఇంకే దిద్దుబాటూ అందులో ఉండకూడదు. ముందు అందరి కొమ్మలూ మెర్జ్ అయిపోవాలి, ఎందుకంటే ఆ కమిట్ ప్రతి వరుసనూ మారుస్తుంది, తెరిచి ఉన్న కొమ్మ ప్రతిదీ ఢీకొంటుంది. తర్వాత ఆ కమిట్ సంఖ్యను ఇగ్నోర్ రెవ్స్ ఫైల్‌లో రాసి గిట్ బ్లేమ్‌కు (ఏ వరుస ఎవరు మార్చారో చూపే కమాండ్) చూపిస్తే, ప్రతి కుళాయికీ అసలు దిద్దినవాళ్ల పేరే కనిపిస్తుంది.

పొలిమేర

ఫొటోలు, డ్రోన్ చిత్రాలు ఎక్కడ?

రేఖాంశం

డేటా రిపాజిటరీలో మాత్రం కాదు. ఫొటోలు తప్పనిసరైతే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్. అందులో గిట్ దాచేది మూడు వరుసల సూచిక మాత్రమే: వెర్షన్, హ్యాష్, పరిమాణం. అసలు ఫైల్ వేరే చోట ఉంటుంది. అదే కారణంగా జియోజేసన్‌ఎల్‌ను ఎల్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టొద్దు, తేడా చూసే వీలంతా పోతుంది. గిట్‌హబ్ 50 ఎంబీ దాటితే హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే తీసుకోదు. ఫైల్ అంత దూరం వెళ్తోందంటే ఐడీ మొదటి అక్షరాన్ని బట్టి పదహారు ఫైళ్లుగా విడదీయండి. వార్డును బట్టి విడదీస్తే వార్డు మారిన కుళాయి ఫైలే మారుతుంది, చరిత్ర తెగుతుంది.

పెద్ద ఫైల్ పొరపాటున కమిట్ అయి పుష్ అయిపోతే, తర్వాతి కమిట్‌లో తొలగించినా చరిత్రలో ఉండిపోతుంది. గిట్ ఫిల్టర్-రెపోతో తీయాలి, అప్పుడు కమిట్ సంఖ్యలన్నీ మారతాయి, పన్నెండు మందీ మళ్లీ క్లోన్ చేసుకోవాలి. ప్రీ-కమిట్ హుక్‌లో (కమిట్‌కు ముందు తానే నడిచే స్క్రిప్ట్) 20 ఎంబీ హద్దు పెట్టడం తేలిక.

కొమ్మరెమ్మ

వాడుకునేవాళ్లకు ఇచ్చే ఫైళ్లు కూడా రిపాజిటరీలో వద్దు. ట్యాగ్ పెట్టినప్పుడు యంత్రం టెక్స్ట్ నుంచి జియోప్యాకేజ్ కట్టి విడుదలకు జతచేయాలి. వెబ్ మ్యాప్‌కు ఫ్లాట్‌జియోబఫ్, అందులో హిల్బర్ట్ ఆర్-ట్రీ సూచిక ఉండటం వల్ల కావలసిన ముక్కనే దించుకోవచ్చు. విశ్లేషకులకు జియోపార్కే. ఈ విడుదల ఫైళ్లు మూడూ చదవడానికి ఇచ్చేవి, దిద్దడానికి కావు. జియోప్యాకేజ్ కట్టేటప్పుడు ఓజీఆర్ కరెంట్ డేట్ అన్న అమరికకు ట్యాగ్ తేదీ ఇవ్వండి, లోపలి మార్పు సమయం ప్రతిసారీ కొత్తగా పడకుండా ఉంటుంది.

దారిచూపు

ముందు కుళాయిల లేయర్ ఒక్కటే మారుస్తాం. పాత షేప్‌ఫైల్ వరుస సంఖ్యలు "పాత సంఖ్య" అనే కాలమ్‌లో ఉంచాలా?

రేఖాంశం

ఉంచండి. కాగితాల మీద, ఫొటోల పేర్లలో ఆ సంఖ్యలే ఉండి ఉంటాయి. మొదటి కమిట్‌లో షేప్‌ఫైల్ నుంచి వచ్చినది ఉన్నది ఉన్నట్టే వెళ్లాలి, యూయూఐడీ మాత్రమే కొత్తగా చేరాలి. పేర్ల సవరణ, నకళ్ల తొలగింపు రెండో కమిట్ నుంచి.

అక్షరపటం

.సీపీజీ ఫైల్ లేని షేప్‌ఫైలైతే ఎన్‌కోడింగ్ చేత్తో చెప్పి తెరవండి. పేర్లు సరిగ్గా కనిపించాకే ఆ మొదటి కమిట్ చేయండి.